పసుపుపచ్చ చొక్కా ఒక్కరిది, చెమట ఎనమండుగురిది

సైకిలు పందెం అనగానే మనలో చాలామందికి తోచేది ఒకటే. గట్టి కాళ్ళున్నవాడు ముందుపోతాడు, లేనివాడు వెనకపడతాడు. ఇందులో ఎత్తులేమిటి, పైఎత్తులేమిటి అని. ఫ్రాన్సు దేశంలో ఏటా జరిగే ‘టూర్ ద ఫ్రాన్స్’ సంగతి కాస్త తెలుసుకుంటే ఈ ఊహ తలకిందులవుతుంది.

మూడు వారాలు, 21 అంచెలు, సుమారు 3,400 కిలోమీటర్లు. ఏ అంచెకా అంచె విజేత వేరే వుంటాడు. కాని అన్ని అంచెల్లో పట్టిన కాలాన్నీ కూడగా ఎవరిది తక్కువో అతనిదే అసలు గెలుపు. ఆ లెక్కలో ముందున్నవాడు పసుపుపచ్చ చొక్కా తొడుక్కుంటాడు. 1903లో ‘లోటో’ అనే పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి ఈ పందాన్ని మొదలుపెట్టింది. ఆ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. 1919లో మొదలైన చొక్కాదీ అదే రంగు.

గాలి వేసే లెక్క

ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారెవరికైనా ఒక సంగతి అనుభవమే. ముందు ఎవరైనా పోతూవుంటే, అతని వెనక చక్రానికి దగ్గరగా నడిపితే ప్రాణం తేలికపడుతుంది. ముందువాడు గాలిని చీలుస్తాడు. వెనకవాడు ఆ నీడలో పోతాడు. గంటకు 40 కిలోమీటర్లు దాటిన వేగంలో, సైకిలిస్టు ఖర్చుపెట్టే బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే సరిపోతుంది. వెనక నక్కినవాడికి ఇంచుమించు మూడోవంతు శ్రమ మిగులుతుంది. గుంపు నడిమధ్యన వున్నవాడికి ఇంకా ఎక్కువే.

ఈ ఒక్క సూత్రం నుంచే మిగిలిన వ్యూహమంతా పుట్టింది. ముందుండేవాడు అలసిపోతాడు, వెనకుండేవాడు బలం దాచుకుంటాడు. మరి ముందుండేదెవరు? అందుకే జట్టు.

2018 నుంచి జట్టుకు ఎనమండుగురు. వారిలో గెలవాలని బయలుదేరేవాడు ఒకడు, మహా అయితే ఇద్దరు. మిగిలినవారు ఆ నాయకుడి కోసం గాలికి ఎదురు నిలబడతారు. వెనక వచ్చే కారు దాకా పోయి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని తెస్తారు. నాయకుడి చక్రం పాడైతే తమ చక్రం ఇస్తారు. వీళ్ళను ఫ్రెంచివారు ‘దొమెస్తిక్’ అంటారు, అంటే ఇంటి నౌకరు అన్నమాట. తిట్టుగా పుట్టిన ఆ మాట ఇప్పుడు గౌరవంగానే వాడుతున్నారు.

1934లో రెనే వియెట్టో అనే 20 ఏళ్ళ కుర్రవాడు కొండల్లో అందరినీ మించి తొక్కుతున్నాడు. పిరెనీస్ పర్వతాల్లో అతని నాయకుడు ఆంతొనాన్ మాన్య కింద పడ్డాడు, చక్రం విరిగింది. వియెట్టో తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేశాడు. వేరే చక్రం వచ్చేదాకా రోడ్డు పక్క గోడమీద కూర్చుని ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ అదే గతి. ఈసారి ముందున్నవాడల్లా వెనక్కి తిరిగి, దిగిన కొండనే ఎక్కి వచ్చి, తన సైకిలే ఇచ్చాడు. మాన్య టూరు గెలిచాడు. వియెట్టో అయిదోవాడయ్యాడు. తర్వాత కూడా అతను టూరు ఒక్కసారీ గెలవలేదు. గోడమీది ఆ ఫోటో మాత్రం ఫ్రాన్సులో ఇప్పటికీ మరపున పడలేదు.

దాడి ఎప్పుడు, ఎందుకు?

గుంపులోంచి హఠాత్తుగా వేగం పెంచి విడిపోవడాన్ని ‘ఎటాక్’ అంటారు, అంటే దాడి. చదును నేలమీద ఒంటరిగా విడిపోతే లాభం స్వల్పం. వెనక గుంపు వంతులు వేసుకుని గాలి మోస్తూ చివరికి పట్టేస్తుంది. నిటారు కొండమీద సంగతి వేరు. అక్కడ వేగం తగ్గుతుంది, కాబట్టి గాలి నీడకు విలువ తగ్గుతుంది. ఎవరి కాళ్ళు వారివే. అందుకే టూరు భవితవ్యం చాలావరకు ఆల్ప్స్‌లో, పిరెనీస్‌లో తేలుతుంది.

ఇంకొక కట్టుబాటు వుంది. మన జట్టువాడు ముందు విడిపోయి వుంటే మనం వాణ్ణి తరమకూడదు. తరిమితే మన వెనకే నక్కి శత్రువులూ వచ్చేస్తారు. వినడానికి చిన్న నియమమే. కాని ఒకే జట్టులో ఇద్దరు నాయకులుంటే ఇది కత్తిలా తయారవుతుంది.

ఒకే కొండ, రెండు కథలు

ఫ్రాన్సు ఆల్ప్స్‌లో గ్రానాన్ కనుమ అని 2,413 మీటర్ల ఎత్తున వుంది. టూర్ అంచె అక్కడ ముగిసింది రెండుసార్లే: 1986లో, 2022లో. రెండుసార్లూ పసుపు చొక్కా అక్కడ చేతులు మారింది.

1985లో బెర్నార్ ఇనో అయిదోసారి టూరు గెలిచాడు. ఆ ఏడు అతనికంటె బలంగా వున్న జట్టువాడు, అమెరికన్ గ్రెగ్ లెమాండ్‌ను, కొండమీద ముందుకు పోవద్దని జట్టువారు ఆపారు. వచ్చే ఏడాది నీకు సాయం చేస్తానని ఇనో మాట ఇచ్చాడు. తీరా 1986లో పో పట్టణానికి పోయే అంచెలో ఇనో తానే దాడి చేసి లెమాండ్‌పై నాలుగున్నర నిమిషాలు సంపాదించాడు. లెమాండ్ తరమలేడు, ముందున్నది తన జట్టువాడాయె! ‘ప్రత్యర్థులను అలసగొట్టడానికే చేశాను’ అన్నది ఇనో సమాధానం. మర్నాడు ఇనో మళ్ళీ దాడి చేసి, ఈసారి తానే అలసిపోయి, సంపాదించినదంతా పోగొట్టుకున్నాడు. గ్రానాన్ కొండమీద చొక్కా లెమాండ్‌కు దక్కింది. మరుసటి రోజు ఆల్ప్ ద్యుయెజ్ శిఖరానికి ఇద్దరూ నవ్వుతూ పక్కపక్కనే చేరుకున్నారు. చివరకు లెమాండ్ 3 నిమిషాల 10 సెకన్ల తేడాతో గెలిచాడు. ఇనో మాట నిలబెట్టుకున్నాడా, తప్పాడా? దాని మీద వాదన ఇప్పటికీ తెగలేదు.

2022 జూలై 13 నాటి కథ దీనికి పూర్తిగా విరుద్ధం. అంతకుముందు రెండేళ్ళు వరసగా గెలిచిన స్లొవేనియావాడు టడేయ్ పొగాచార్ పసుపు చొక్కాలో వున్నాడు. డెన్మార్క్‌వాడు జోనాస్ వింగెగార్డ్ 39 సెకన్లు వెనక. పొగాచార్ జట్టులో ఇద్దరు అప్పటికే కోవిడ్‌తో ఇంటిదారి పట్టారు. వింగెగార్డ్ జట్టువారు ముందుగానే ఇద్దరిని దూరం పంపి, కొండల మధ్య అక్కరకు వచ్చేట్టు నిలిపారు. గాలిబియే కొండ మీద ప్రిమొజ్ రోగ్లిచ్ ఒకసారి, వింగెగార్డ్ ఒకసారి, వంతులు వేసుకుని దాడి చేశారు. ఒకణ్ణి పట్టుకునేసరికి ఇంకొకడు! రోగ్లిచ్ అప్పటికే గాయపడి రెండు నిమిషాలకు పైగా వెనకబడి వున్నాడు. అయినా అతను పాత మేటి, వదిలేస్తే ప్రమాదం. పొగాచార్ ప్రతి దాడికీ ఒంటరిగా బదులిచ్చాడు. ప్రతి బదులూ అతని ఖజానాలోంచి కొంత ఖర్చే. చివరకు గ్రానాన్ మీద, అయిదు కిలోమీటర్లలోపు మిగిలివుండగా, వింగెగార్డ్ అసలు దెబ్బ కొట్టాడు. పొగాచార్ కాళ్ళలో ఏమీ మిగల్లేదు. 2 నిమిషాల 51 సెకన్లు పోయాయి, చొక్కా పోయింది. ఆ టూరు వింగెగార్డ్‌దే అయింది.

రోగ్లిచ్ సంగతేమిటి? తన బలమంతా గాలిబియే మీదనే ధారపోసిన అతను ఆ రోజు పది నిమిషాలకు పైగా వెనక చేరాడు. కొద్దిరోజులకే పందెం విడిచి వెళ్ళిపోయాడు.

టూరు గెలిచినవాడు తన బహుమతి సొమ్మును జట్టువారికి పంచడం ఆనవాయితీ. 2022లో ఆ సొమ్ము 5 లక్షల యూరోలు. డబ్బు పంచవచ్చు గాని పేరు పంచలేరు కదా. విజేతల జాబితాలో ఏడాదికి ఒక్క పేరే వుంటుంది. ఆ పేరు చదివేటప్పుడు, దాని ముందు నిలబడి గాలి కోసినవాళ్ళు ఎవరో కూడా ఒక్కసారి అడిగి తెలుసుకుంటే ఈ పందెం సగం అర్థమైనట్టే.