మోకాలిని నేల నిలబెట్టింది

హైదరాబాద్‌లో కర్మన్‌ఘాట్ పొరుగునే ఉన్న కంచన్‌బాగ్ పేరు చెబితే ఎవరికైనా క్షిపణులే గుర్తొస్తాయి. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని వంటి రక్షణ రంగ సంస్థలన్నీ అక్కడే. 1989 మే 22న చాందీపూర్ తీరం నుంచి తొలిసారి ఎగిరిన అగ్నికి రూపకల్పన చేసినవాళ్లు ఇక్కడివాళ్లే. పోలియో పిల్లల కాళ్లకు తొడిగిన తేలికపాటి కాలిపర్ కూడా ఆ పని నుంచే పుట్టింది.

పోలియో వైరస్ వెన్నుపాములోని కదలిక నాడీకణాలను చంపుతుంది. కండరం చచ్చుబడుతుంది గానీ స్పర్శ పోదు. కాలికి తగిలించిన బరువంతా పిల్లవాడికి తెలుస్తూనే ఉంటుంది. పాత కాలిపర్ అంటే తొడదాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, బరువైన బూటు. అన్నీ కలిపి మూడు కిలోలకు పైమాటే. ఆ బరువులో ఎక్కువ భాగం కాలి చివరే ఉండటంతో, అడుగడుగునా దాన్ని ముందుకు ఊపడానికి తుంటి కండరాలు అలసిపోయేవి.

నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల వైద్యుడొకరు క్షిపణి ప్రయోగశాలలో ఒక వస్తువును ఎత్తి చూసి, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయారనీ, తనను ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ పిల్లల్ని చూపించారనీ క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం అనేక సభల్లో చెప్పారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. ఇందులో వాడింది కాంపోజిట్. సన్నని పోగులు లాగుడు బలాన్ని తట్టుకుంటే, వాటిని అంటిపెట్టుకున్న పాలిమర్ ఆకారం చెడకుండా చూస్తుంది. లోహం కంటే చాలా తక్కువ బరువుతోనే కావలసిన బిగువు వస్తుంది.

మూడు కిలోలు 300 గ్రాములైన సంగతి అందరూ చెప్పుకుంటారు. కానీ ఇందులో అసలు తెలివి బరువు తగ్గించడంలో కంటే, నేల బలాన్ని వాడుకోవడంలో ఉంది. తొడ ముందు కండరం బలహీనపడితే అడుగు వేసినప్పుడు మోకాలు ముడుచుకుపోతుంది. అందుకే కొందరు తొడమీద చెయ్యి అదిమి నడుస్తారు. పాత కాలిపర్ మోకాలికి తాళం వేసేది. దాంతో కర్రలా బిగిసిన కాలిని పక్కకు తిప్పుతూ నడవాలి. కొత్తది మోకాలి దిగువనే ఆగిపోతుంది. పాదాన్ని, చీలమండను కదలకుండా పట్టి, మోకాలి చిప్ప కింద కాలి ముందువైపు ఒక అచ్చులా ఆనుతుంది. పాదం మోపగానే నేల తిరిగి పైకి నెడుతుంది. చీలమండ వంగదు కాబట్టి ఆ బలం మోకాలికి ముందుగా వెళుతుంది, అచ్చు కాలిని వెనక్కి నొక్కుతుంది, మోకాలు నిటారుగా నిలుస్తుంది. కండరం చేయాల్సిన పని నేల చేసి పెడుతుంది. పాదం ఎత్తగానే ఆ బలం ఆగిపోయి మోకాలు మామూలుగానే వంగుతుంది. దీన్ని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అంటారు.

ఈ సూత్రం కంచన్‌బాగ్‌లో పుట్టింది కాదు. సాల్టియెల్ అనే నిపుణుడు 1969లోనే ఇలాంటిదాన్ని వివరించాడు. బిగువుగానూ తేలికగానూ ఉండే పదార్థం, దాని అవసరమున్న పిల్లలు ఒకే ఊళ్లో ఉండటం హైదరాబాద్‌కు కలిసొచ్చింది. అయితే ఇది అందరికీ పనికిరాదు. మోకాలు పూర్తిగా చాపగలగాలి, తుంటిలో కొంత బలం ఉండాలి. ముడుచుకుని బిగుసుకుపోయిన మోకాలిని నేల బలం నిలబెట్టలేదు.

ప్రయోగశాలకూ ఆసుపత్రికీ కుదిరిన ఈ పొత్తు అక్కడితో ఆగలేదు. హృద్రోగ నిపుణుడు సోమరాజుతో కలిసి కలాం తక్కువ ధరలో రూపొందించిన స్టెంట్ 1998లో వచ్చింది. ఇక పోలియో విషయానికొస్తే, 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. ఈ తరహా కాలిపర్‌కు మాత్రం పని తీరలేదు. సెరెబ్రల్ పాల్సీతో మోకాళ్లు వంచి నడిచే పిల్లలకు వైద్యులు దీన్ని ఇప్పటికీ సూచిస్తున్నారు. పదార్థం ఎంత గొప్పదైనా అచ్చు మాత్రం ఏ కాలికి ఆ కాలిదే, అదీ బిడ్డ ఎదిగినప్పుడల్లా మారాల్సిందే. అందుకే ఈ పరికరం మనుగడ కొలత తీసే సాంకేతిక నిపుణులు ఊరికి దగ్గరలో ఉండటంపైనే ఆధారపడి ఉంది.