కురవని కప్పు కావాలంటే...

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది. చాలామంది డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో అదే జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న తరగతి గదికి లెక్కగడితే ఆ ఒక్క గది నెత్తిన 34 వేల లీటర్ల నీళ్లు! జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా బడికో, అంగన్‌వాడీకో, పంచాయతీ ఆఫీసుకో కొత్త కప్పు వేసేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి. వరదొస్తే ఊరంతా చేరేది ఆ భవనాల్లోకే.

గూన పెంకులు, బంగ్లా పెంకులు ఎండాకాలం హాయినిస్తాయి. కానీ కోతుల మంద ఒక్కసారి పైకెక్కి దూకితే వానాకాలమంతా గిన్నెలు పెట్టుకోవాల్సిందే. ఈ పల్లెల్లో పెంకుటిళ్లు తరిగిపోవడానికి కోతులూ ఒక కారణం. మామూలు సిమెంటు రేకుల్లో చాలావరకు ఆస్‌బెస్టాస్ ఉంటుంది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పిల్లలుండే చోట అది వద్దే వద్దు. ఇనుప రేకులు తేలిక, పనీ త్వరగా అవుతుంది. వంటశాలకు సరే. తరగతి గదిపై వేస్తే మాత్రం ఎండాకాలం ఉడుకు, వానాకాలం చప్పుడు. టీచరు గొంతు రెండో వరుస దాటదు.

కాబట్టి స్లాబే మేలు. అయితే స్లాబు వేయించాం కదా అని నిశ్చింతగా ఉండలేం. అది నిలిచేదీ కూలేదీ నీళ్ల దగ్గరే. పది అడుగులకు అంగుళం పైచిలుకైనా వాటం లేకుంటే నీళ్లు కదలవు. పిట్టగోడ మూలనున్న గొట్టంలో వేపాకులు అడ్డుపడి అర అడుగు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 150 కిలోల బరువు. జనం ఎక్కే కప్పు మీద అదనంగా పడుతుందని భారత ప్రమాణాలు లెక్కగట్టే భారం కూడా దాదాపు అంతే. అంటే వరద రోజున మనుషులు ఎక్కాల్సిన చోటును నీళ్లే ఆక్రమించేస్తాయి.

నిలిచిన నీరు మెల్లగా చువ్వలకు చేరుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులుగా ఊడి పిల్లల మీద పడుతుంది. అందుకే కాంక్రీటు పోసే ముందే చువ్వల కింద 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత తడపడం. బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు, మన ఎండలకు 14 రోజులు తడి ఆరకూడదు. బడులు తెరిచేలోగా పూర్తవ్వాలని స్లాబులు ఏప్రిల్, మే నెలల్లోనే పోస్తుంటారు. బోర్లు ఎండేదీ అప్పుడే. మూడు రోజులు తడిపి వదిలేసిన స్లాబు జీవితాంతం బలహీనంగానే ఉంటుంది. నీళ్ల ట్యాంకరు ఖర్చును అంచనాలోనే రాయాలి, మేస్త్రీ దయకు వదలకూడదు.

ఇంకో పొరపాటు మరీ బాధ కలిగిస్తుంది. కురిసే స్లాబు మీద ఇటుక ముక్కల కాంక్రీటు, దాని మీద మరో పొర, ఆపైన మరొకటి వేస్తూ పోతారు. 10 సెంటీమీటర్ల మందం పొర చదరపు మీటరుకు రెండు క్వింటాళ్ల దాకా తూగుతుంది. పక్కనే పాలంపేటలో, 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గించాలన్న ఆ తెలివి మన ఇంజినీర్లకు కొత్తేమీ కాదు. పాత పొర తీయకుండా కొత్తది వేయకూడదని టెండరులోనే షరతు పెట్టాలి. చువ్వలు ఇప్పటికే తుప్పు పట్టి ఉంటే పైపూతలకు డబ్బు తగలేయకుండా స్లాబు దించి కొత్తది పోయడమే మంచిది.

చివరగా తెల్లపూత. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు ఇలాంటి చల్లని కప్పును తప్పనిసరి చేసింది. తెల్లపూత ఎండను వెనక్కి కొట్టి గదిని చల్లబరుస్తుంది, స్లాబు పగుళ్లనూ తగ్గిస్తుంది.

బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లోని తల్లులకు ఒక మనవి. బిల్లు మీద సంతకం పెట్టేముందు డాబా మీద నీళ్లు పోయించండి. అవి గొట్టం దాకా వాటంతట అవే పారితేనే సంతకం చేయండి.