ఒత్తిడి ఎక్కడ ఆగాలి

ఒత్తిడిని మనసుకు సంబంధించిన సంగతిగానే చూడటం మామూలు. దాని పని మాత్రం చాలావరకు ఒంట్లోనే జరుగుతుంది. రాత్రి పదిన్నరకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో 'రేపు తొమ్మిదికి రివ్యూ' అని మెసేజ్ పడిందనుకుందాం. చదివిన క్షణాల్లోనే సింపథెటిక్ నాడీ వ్యవస్థ మేలుకుంటుంది. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, కాలేయం దాచుకున్న గ్లూకోజ్ బయటికి వస్తుంది. నోరు ఎండిపోతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కలబడటానికో పారిపోవడానికో ఒళ్లంతా సిద్ధమవుతుంది. మనిషి మాత్రం మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకునే ఉంటాడు. ఈ ప్రతిస్పందనను హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు.

అడ్రినలిన్ వెనకే, కాస్త నెమ్మదిగా, రెండో అల వస్తుంది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతాయి. అప్పుడు కార్టిసాల్ ఊరుతుంది. ఒత్తిడి మొదలైన 20, 30 నిమిషాలకు రక్తంలో దాని మోతాదు పతాక స్థాయికి చేరుతుంది. కార్టిసాల్‌ను శత్రువుగా చూపించే వీడియోలకు కొదవ లేదు కానీ, అది లేకపోతే బతకలేం. ఆరోగ్యవంతుల్లో అది పొద్దున లేచిన కాసేపటికి ఎక్కువగా, అర్ధరాత్రి వేళకు అతి తక్కువగా ఉంటుంది. తనను తాను ఆపుకునే ఏర్పాటు కూడా దానికుంది: రక్తంలో తగినంత చేరగానే ఇక చాలని మెదడుకు చెబుతుంది. చిక్కు ఒత్తిడి మొదలవడంలో కన్నా అది ఆగకపోవడంలోనే ఎక్కువగా ఉంది.

ఆగని ఒత్తిడి ఏం చేస్తుందో మొదట కనిపించింది ఎలుకల్లో. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే కొత్త హార్మోన్ దొరుకుతుందన్న ఆశతో ఎలుకలకు అండాశయ సారం ఎక్కించారు. వాటి అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి కీలకమైన థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుళ్లు పడ్డాయి. తీరా చూస్తే చలిలో ఉంచినా, విపరీతంగా శ్రమ పెట్టినా ఇవే మార్పులు. 1936లో 'నేచర్' పత్రికలో ఆయన ప్రచురించిన చిన్న లేఖే ఆధునిక ఒత్తిడి పరిశోధనకు పునాది అయింది. అయితే మనుషుల కడుపులో పుళ్లకు టెన్షనే కారణమని దశాబ్దాల పాటు నమ్మడం పొరపాటని తర్వాత తేలింది. చాలా సందర్భాల్లో అసలు కారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆ బాక్టీరియాను కనుగొన్నందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనుషుల్లో ఒత్తిడి ప్రభావానికి గట్టి సాక్ష్యం ఒక చిన్న గాయం రూపంలో దొరికింది. అమెరికాలోని ఒహాయో పరిశోధకులు, మతిమరుపు జబ్బున్న బంధువులను ఏళ్ల తరబడి ఇంట్లో చూసుకుంటున్న 13 మంది స్త్రీలను ఎంచుకున్నారు. అదే వయసులో ఉండి, ఆ బాధ్యత లేని మరో 13 మందిని పోలికకు తీసుకున్నారు. అందరికీ ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేసి, అది మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. రెండో గుంపుకు సగటున 39 రోజులు, సేవ చేస్తున్నవారికి సుమారు 49 రోజులు పట్టింది. 1995లో 'లాన్సెట్'లో ఈ ఫలితాలు వచ్చాయి. మంచాన పడ్డ అత్తనో తండ్రినో చూసుకునే కోడళ్లు, కూతుళ్లు మన ఇళ్లలోనూ ఎందరో ఉన్నారు. వాళ్ల అలసటను ఎవరూ జబ్బు కింద లెక్కేయరు.

ఒత్తిడికి పెద్ద కష్టమే రానక్కర్లేదు. చావు, విడాకులు, ఉద్యోగం పోవడం వంటి 43 జీవిత ఘటనలకు మార్కులు వేసే పట్టికను 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు తయారుచేశారు. 1981లో రిచర్డ్ లాజరస్ బృందం మరో కోణం చూపించింది: మానసిక ఇబ్బందులను అంచనా వేయడానికి పెద్ద ఘటనల కన్నా రోజువారీ చికాకులే ఎక్కువ పనికొచ్చాయి. రాని నల్లా నీళ్లు, ఈఎంఐ తేదీ, కదలని ట్రాఫిక్, కట్టాల్సిన స్కూలు ఫీజు లాంటివన్న మాట. చికాకు పది నిమిషాల్లో తీరినా, దాన్ని రాత్రంతా తలపోస్తే ఒళ్లు అంతసేపూ సిద్ధంగానే ఉండిపోతుంది.

చేతిలో ఎంత పట్టు ఉందన్నది కూడా ముఖ్యమే. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం సుమారు 18 వేల మంది ప్రభుత్వోద్యోగులను పరిశీలించింది. గుండె జబ్బు మరణాలు పై అధికారుల కన్నా అట్టడుగు శ్రేణి వారిలో దాదాపు మూడు రెట్లు కనిపించాయి. పొగతాగడం లాంటి అలవాట్లు ఈ తేడాలో కొంత భాగాన్నే వివరించాయి. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, తమ పని మీద తమకు అధికారం లేనివారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. షిఫ్టు ఎప్పుడు మారుతుందో తెలియని మనిషికి ధ్యానం చేయమని చెప్పి ఊరుకోవడం సగం వైద్యమే. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్‌లు పెట్టకూడదని ఆఫీసే నియమం పెట్టుకుంటే అది కూడా ఆరోగ్య చర్యే.

మనిషి తన మట్టుకు చేసుకోగలిగిన వాటిలో శ్వాస అన్నిటికన్నా సులువు. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు వేగస్ నాడి దాన్ని తగ్గిస్తుంది. అందుకే పీల్చడం కన్నా వదలడం నెమ్మదిగా సాగాలి. 2001లో ఇటలీ పరిశోధకులు ఒక విషయం గమనించారు: లాటిన్ జపమాల ప్రార్థన చేసినా, యోగ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దిగుతోంది, గుండె లయ మెరుగవుతోంది. మామూలుగా విశ్రాంతిలో ఉన్నవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఇలా నెమ్మదిగా ఐదు నిమిషాలు ఊపిరి తీసినా తేడా తెలుస్తుంది.

పరుగుకు సిద్ధమైన ఒంటికి నిజంగానే పని చెప్పడం మరో మార్గం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే కనీస మోతాదు. నిద్ర తగ్గితే మర్నాడు చిన్న మాటకే చిర్రెత్తుకొస్తుంది. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం ఆరింటి కాఫీ పదకొండుకు కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గినట్టు అనిపించడానికి కారణం నికోటిన్ కోసం పడే తహతహ తీరడమే. ఆ సమయంలో గుండె వేగం నిజానికి పెరుగుతుంది. మద్యం నిద్ర తెప్పిస్తుంది కానీ తెల్లవారుజామున చెడగొడుతుంది. నమ్మకమైన మనిషితో కాసేపు మాట్లాడటం ఈ రెంటికన్నా మేలు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌ను కలవాలి. ఛాతీలో నొప్పి వస్తే టెన్షన్ వల్లేనని సర్దిచెప్పుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగే పనే లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా అందుతుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.