నీలం గులాబీగా మారితే... ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్‌లో ఒక లోహ క్లోరైడ్ కథ

2024 ఏప్రిల్ 5న ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని గుఢియారీలో విద్యుత్ పంపిణీ సంస్థ గిడ్డంగికి నిప్పంటుకుంది. నిల్వ ఉంచిన ట్రాన్స్‌ఫార్మర్లు తగలబడి, దట్టమైన నల్లటి పొగ ఆకాశాన్ని కమ్మేసింది. పైకి ఇనుప పెట్టెలా కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉండేది మండే స్వభావమున్న ఖనిజ నూనె.

మంటల్లో ప్రమాదకరమైన ఈ నూనే, పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్‌కు రక్షణ కవచం. తీగచుట్టలను చల్లబరుస్తుంది. విద్యుత్తు దూకాల్సిన అవసరం లేని చోటికి దూకకుండా ఆపుతుంది. ఈ రెండో గుణాన్ని తేమ దెబ్బతీస్తుంది. పది లక్షల పాళ్ల నూనెలో కొన్ని పదుల పాళ్ల నీరు చేరినా విద్యుత్ నిరోధం తగ్గడం మొదలవుతుంది. తీగలకు చుట్టిన కాగితం కూడా త్వరగా పాడవుతుంది. ఈ తేమ జాడను కంటికి చూపించడానికి దశాబ్దాలుగా వాడుతున్నది కోబాల్ట్ క్లోరైడ్.

ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి

లోడు పెరిగితే నూనె వేడెక్కి వ్యాకోచిస్తుంది, పైనున్న గాలిని బయటికి నెడుతుంది. చల్లబడితే సంకోచించి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి వెళ్లే దారిలో అమర్చిన సీసానే బ్రీదర్. అడుగున ఉన్న చిన్న నూనె గిన్నె దుమ్మును పడుతుంది. సీసాలోని సిలికా జెల్ గింజలు తేమను పీల్చుకుంటాయి.

సిలికా జెల్‌కు సొంత రంగు లేదు. అందులో కలిపిన కొద్దిపాటి కోబాల్ట్ క్లోరైడే దానికి నీలం రంగునిస్తుంది. నీరు లేని కోబాల్ట్ క్లోరైడ్ నీలం. ఒక్కో అణువుకు ఆరు నీటి అణువులు చేరితే గులాబీ రంగు హెక్సాహైడ్రేట్ ఏర్పడుతుంది. ఈ ఆరింటిలో నాలుగు మాత్రమే కోబాల్ట్ అయాన్‌ను నేరుగా పట్టుకుని ఉంటాయి. మిగిలిన రెండూ స్ఫటికంలో విడిగా ఇమిడి ఉంటాయి. అయాన్ చుట్టూ ఉన్న పరిసరం మారడంతో అది పీల్చుకునే కాంతి మారుతుంది, రంగూ మారుతుంది.

వేడి చేస్తే ఏం మిగులుతుంది?

గులాబీ గింజలను సుమారు 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేస్తే నీరు ఆవిరై, మళ్లీ నీలం వస్తుంది. ఇది చూసి, ఏ లోహ క్లోరైడ్ హైడ్రేట్‌ను వేడి చేసినా నీరు పోయి క్లోరైడ్ మిగులుతుందని అనుకోవడం సహజం. పరీక్షల్లో చాలామంది అలాగే రాస్తారు. బేరియం క్లోరైడ్‌కు ఆ జవాబు సరిపోతుంది. అల్యూమినియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌కు సరిపోదు. అక్కడ చివరికి మిగిలేది అల్యూమినియం ఆక్సైడ్. నీటితో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు బయటికి వస్తుంది.

ఈ తేడాకు మొదటి వివరణ అయాన్ ఆవేశం, పరిమాణం. మూడు ధనావేశాలున్న చిన్న అల్యూమినియం అయాన్ నీటిలోని ఆక్సిజన్‌ను ఎంత గట్టిగా లాగుతుందంటే, ఆ నీటి హైడ్రోజన్ పట్టు సడలుతుంది. అది క్లోరైడ్‌తో కలిసి వెళ్లిపోతుంది.

కానీ ఈ సూత్రం ఒక్కటే చాలదు. కోబాల్ట్ అయాన్ వ్యాసార్ధం 74.5 పికోమీటర్లు, మెగ్నీషియం అయాన్‌ది 72. రెండింటి ఆవేశమూ రెండే. అయినా మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌ను మామూలు గాలిలో వేడి చేస్తే, చివరి నీటి అణువులు పూర్తిగా పోకముందే అది విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్‌ను వదులుతుంది.

లెక్కతో జవాబు

ఇక్కడ శక్తి లెక్క ఉపయోగపడుతుంది. లోహ క్లోరైడ్ నీటి ఆవిరితో కలిసి లోహ ఆక్సైడ్‌ను, హైడ్రోజన్ క్లోరైడ్‌ను ఇచ్చే చర్యను తీసుకుందాం. సమ్మేళనాలు ఏర్పడేటప్పటి ఉష్ణం విలువలు ప్రామాణిక పట్టికల్లో ఉంటాయి. వాటితో లెక్కిస్తే, ఒక మోల్ నీటికి బేరియం క్లోరైడ్ చర్యకు సుమారు 364 కిలోజౌళ్లు, కోబాల్ట్‌కు 132, మెగ్నీషియంకు 97 అందించాలి. అల్యూమినియం విషయంలో అందించాల్సింది లేదు సరికదా, సుమారు 32 కిలోజౌళ్లు విడుదలవుతాయి.

అంటే క్లోరిన్‌ను వదిలి ఆక్సిజన్‌ను పట్టుకోవడం కోబాల్ట్ కంటే మెగ్నీషియంకు సులువు. అయాన్ల పరిమాణం చెప్పలేనిది ఈ తేడా చెబుతోంది. అయితే ఉష్ణం లెక్కే సర్వస్వం కాదు. ఉష్ణోగ్రత, వెలువడిన వాయువు బయటికి పోతోందా లేదా అన్నవీ ఫలితాన్ని మారుస్తాయి. అందుకే నీరు లేని మెగ్నీషియం క్లోరైడ్ కావాలంటే పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు మధ్య వేడి చేస్తారు. అప్పుడు చర్య వెనక్కి మళ్లుతుంది.

రంగును చదవడం

తేమ గాలి కింది నుంచి వస్తుంది కాబట్టి గులాబీ రంగు అడుగు నుంచి పైకి పాకాలి. ముందుగా పైభాగం గులాబీగా మారితే, పైన ఏదో అతుకు దగ్గర గాలి నేరుగా లోపలికి చొరబడుతోందని అర్థం. నూనెలో తడిసి నల్లబడిన గింజలకు వేడి చేసినా లాభం లేదు, మార్చాల్సిందే.

జెల్ మార్చే సిబ్బంది ఆరోగ్యం సంగతీ ఉంది. ఐరోపా సమాఖ్య 2008లో కోబాల్ట్ క్లోరైడ్‌ను తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. దాని ధూళిని పీల్చితే క్యాన్సర్ ముప్పు ఉండటమే కారణం. అందుకే కోబాల్ట్ లేని నారింజ రంగు జెల్ వాడకంలోకి వచ్చింది. తేమ తగిలితే అది, రకాన్ని బట్టి, ఆకుపచ్చగా మారుతుంది లేదా రంగు కోల్పోతుంది. నీలం జెల్ ఉన్నచోట మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. పాత గింజలను చెత్తకుప్పలో పారబోయకూడదు.

కరెంటు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మనం వెళ్లకూడదు. కానీ సురక్షితమైన దూరం నుంచి చూసినప్పుడు సీసా మొత్తం గులాబీగా కనిపిస్తే విద్యుత్ కార్యాలయానికి ఒక ఫోన్ చేయవచ్చు. జెల్ మార్చడానికి అయ్యే ఖర్చు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు ముందు చాలా చిన్నది.