నాలుగు దారుల కథ

పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయినవారు అచ్చటి గడియారమును చూడక మరలరు. గంటగంటకు ఒక చిన్నబొమ్మ బయటికి వచ్చి గంట కొట్టిపోవును. కూడినవారందరును ఒకే క్షణమున ఒకే వింతను చూతురు. అచ్చటినుండి చార్మినారునకు పోయినచో అనుభవము వేరు. 1591లో వెలసిన ఆ కట్టడము క్రింద నిలిచినవానికి నాలుగు కమానులు, నాలుగు దారులు. పడమటికి పోయినవాడు లాడ్‌బజారు గాజులను, ఉత్తరమునకు పోయినవాడు గుల్జార్‌హౌజును చూచును. చూచిన ఊరొకటే, ఇంటికి తెచ్చిన కథలు రెండు.

నాటకము, నవల, చలనచిత్రము ఆ గడియారము వంటివి. నేడు మన పిల్లలు ఆడుచున్న అద్భుతలోకపు వీడియో ఆటలలో పెక్కు చార్మినారు వంటివి. ఆడువాడే కథానాయకుడు. ఎటు పోవలెనో, ఎవరిని కాపాడవలెనో నిర్ణయించువాడును అతడే.

ఇట్టి కథనము మనకు బొత్తిగా క్రొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథల'లో మణిసిద్ధుని వెంట నడచు గోపబాలుడు మజిలీలలో వింతలను చూచివచ్చి వాని వృత్తాంతము నడుగును. చూచిన చోటనే కథ పుట్టును. ఈ ఆటల బలమును అదియే. 2015లో వెలువడిన పోలండు దేశపు ఆట 'ది విచర్ 3'లో, కనబడకుండ పోయిన భార్యాపుత్రికలను వెదకించుచున్న ఒక బారన్ ఎదురగును. మొదట జాలి గొలిపిన అతడే ఆ ఇంటి దుఃఖమునకు కారకుడని క్రమముగా తెలియును. వేరొకచోట మనము చేసిన నిర్ణయము అతని భార్య గతిని మార్చును. చదివిన కథలో 'అయ్యో, ఇట్లు జరిగెనే' యందుము. ఇచ్చట 'అయ్యో, ఇట్లు చేసితినే' యని నొచ్చుకొందుము. ఆ నొప్పి ఈ కళ యిచ్చు ప్రత్యేకానుభవము.

అయితే స్వేచ్ఛకు వెల కలదు. 2011 నాటి 'స్కైరిమ్'లో డ్రాగను అను రెక్కల మహాసర్పము లోకమును మ్రింగ వచ్చియుండును. నాయకుడు పూలు కోసికొనుచు, ఇల్లు కొనుక్కొనుచు సంవత్సరము గడపినను అది అతనికై ఓపికతో కాచుకొనియుండును. ముంచుకొని రాని ముప్పు ముప్పెట్లగును? అదే ఆటలో ప్రధాన కథకు కావలసిన కొందరు ఎంత కొట్టినను చావరు. మోకాళ్ళపై కూలి మరల లేతురు. అదే సంస్థ 2002లో తెచ్చిన 'మారోవిండ్' అట్టివారిని చంపనిచ్చి, కథాసూత్రము తెగినదని హెచ్చరించి యూరకుండెను. ఒకటి కథను కాపాడుటకై స్వేచ్ఛను కుదించినది. రెండవది స్వేచ్ఛను కాపాడుటకై కథను తెగనిచ్చినది. ఇక యంత్రమే అంతులేక కల్పించు 'అది తెమ్ము, వానిని చంపుము' అను పనులు కథలే కావు, కాలక్షేపములు.

కావున ఇంటి పెద్దలు 'ఎంతసేపు ఆడితివి?' అని మాత్రమే అడుగక, 'ఏమి జరిగినది? నీవేమి చేసితివి? ఏల చేసితివి?' అనియు అడుగుట మేలు. పిల్లవాడు సంపాదించిన కత్తుల లెక్క మాత్రమే చెప్పినచో బజారు తిరిగివచ్చెనని యెరుగుడు. ఒకరిని కాపాడలేకపోయితినని క్షణకాలము మౌనము వహించినచో, అతడు కథలో జీవించి వచ్చెను.