పెనుకొండలో రెండో పద్దు

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వెళ్ళేవారికి దారిలో పెనుకొండ కనబడుతుంది. ఆ కొండను చూస్తే నాకు బ్యాంకు పాసుపుస్తకం జ్ఞాపకం వస్తుంది. నవ్వకండి, కారణం వుంది.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు కూలాడు. విజయనగరాన్ని నెలల తరబడి దోచుకున్నారు. అయినా రాజ్యం ఆనాటితో అంతరించలేదు. తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండ చేరాడు. అది ఆపద వచ్చాక వెదుక్కున్న చోటు కాదు. అక్కడి కోటలో 1354 నాటి బుక్కరాయల కాలపు శాసనమే వుంది. రాజ్యం అక్కడినుంచి మళ్ళీ నడిచింది.

కాని విజయనగరపు దఫ్తరం మనకు దక్కలేదు. అందుకే చరిత్రకారులు లేపాక్షి గోడలవంటి చోట్ల శాసనాలు చదువుకోవలసి వస్తున్నది. ఊళ్ళలోనూ అంతే. కరణంగారి కవిలె ఆయన యింట్లోనే వుండేది. ఇల్లు కాలితే ఊరి లెక్క కాలినట్లే. మెకంజీ దొర మనుషులు కవిలెలు చూసి వ్రాయించిన కైఫీయతులు మద్రాసు చేరాయి గనుక, మూలం పోయినచోట ఆ వ్రాతలైనా మిగిలాయి.

ఇప్పుడు ధర్మవరం నేతగాడు చీర అమ్మి బ్యాంకులో వేసిన సొమ్ము పద్దు ఆ బ్రాంచిలో వుండదు. దూరపు నగరంలో కంప్యూటరులో వుంటుంది. దాని నకలు మరో నగరంలో, ఒకే వరదో భూకంపమో రెంటినీ ముంచనంత దూరంలో వుండాలి. ఇక్కడ పద్దు పడుతుండగానే అక్కడా పడాలి. నిన్నటి నకలులో ఇవాళ్టి జమ దొరకదు కదా!

ఇందులో ఒక చిక్కు. ఎవరైనా పొరపాటున పద్దు చెరిపితే నకలులోనూ చెరిగిపోతుంది. కనుక పాత ప్రతులు వేరే దాచాలి. దాచడమే కాదు, తెరిచి చూడాలి. ముఖ్యమైన యంత్రాంగాలను ఆరు నెలలకొకసారైనా రెండోచోటినుంచి నడిపి చూడాలని రిజర్వు బ్యాంకు 2023లో నిబంధన పెట్టింది.

మా అక్క కొడుకు బెంగుళూరులో ఆ పనే చేస్తాడు. కసరత్తు రాత్రి ఫోను చేస్తే, “పెళ్ళివారింట్లో వున్నట్టుంది, తర్వాత మాట్లాడతా చిన్నమ్మా!” అంటాడు. ఒకసారి యంత్రాలన్నీ చక్కగా లేచాయట. సంకేతపదం తెలిసిన మనిషి మాత్రం సెలవులో వున్నాడట. అప్పటినుంచి దాన్ని సీలు వేసిన కవరులో పెట్టి రెండు ఊళ్ళలోనూ భద్రపరుస్తున్నారు.