ఉపాధ్యాయునికిని గురువు కావలెను

అమెరికాలో బానిసత్వమునుండి విడుదల పొందిన నల్లజాతివారి విద్యకై మెథడిస్టు సంఘమువారు 1869లో అట్లాంటా నగరమున క్లార్కు విద్యాలయమును స్థాపించిరి. 1893 మొదలు 1905 వఱకు అందు బోధించినవారు ఛార్లెసు హెన్రీ టర్నరుగారు.

నల్లజాతివారగు వీరు 1891లోనే పక్షుల మెదడు నిర్మాణమునుగూర్చి వ్యాసము ప్రకటించిరి. 1907లో షికాగోలో డాక్టరు పట్టమందిరి. అయినను 1908 నుండి సెయింట్ లూయిస్ నగరమున హైస్కూలు ఉపాధ్యాయులుగానే యుండిరి. సొంత పరిశోధనాలయము లేకున్నను, పార్కులో తేనె నుంచిన రంగుబిళ్లలను నిలిపి, తేనెటీగలు రంగులను గుర్తించునని 1910లో నిరూపించిరి.

అదే అట్లాంటాలో నల్లజాతివారి మోర్‌హౌసు వైద్య విద్యాలయము 1975లో వెలసెను. 1995లో అందు మెదడును, నరములను పరిశోధించు సంస్థ యేర్పడెను. ఇట్టి సంస్థకు అధిపతియైనవారి పని తమ ప్రయోగములతో ముగియదు. క్రొత్తగా చేరిన ఆచార్యుల ప్రయోగములను పరిశీలించి, ధనసహాయమునకై వారు వ్రాయు అర్జీలను దిద్ది, బోధనభారముచే వారి పరిశోధన అణగిపోకుండ కాపాడవలెను.

విద్యార్థులారా, మేమును ఉపాధ్యాయులమే. దారిచూపు పెద్దలు లేనిచో మాకును అడుగు సాగదు. టర్నరుగారి యోర్పు కొనియాడదగినదే. కాని అట్టి లేమి మఱియొకరికి కలుగకుండ చూచుట అంతకంటె మేలని మేము తలంచుచున్నాము.